'అత్యధికంగా అమ్ముడైన గాయకుడు': అమ్ముడైంది ఎవరు?

ప్రశ్న: మైకేల్ జాక్సన్ గురించిన తెలుగు వ్యాసాల్లో 'ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన గాయకుల్లో ఒకరు' అని రాస్తున్నారు. గాయకుణ్ణి సంతలో నిలబెట్టినట్టు లేదూ? ఎలా సరిచెయ్యాలి?

– లేకేం! 'అమ్ముడైన చీర' అంటే చీరే అమ్ముడైంది. ఇలాంటి విశేషణం పక్కనున్న నామాన్నే కర్తగా లాక్కుంటుంది. పైగా మనిషిని పట్టుకుని 'అమ్ముడుపోయాడు' అంటే డబ్బు తిని మాట మార్చాడనే కదా మన వాడుక. అసలు కర్తను ముందు పెడితే చిక్కు విడిపోతుంది: 'ఆల్బంలు అత్యధికంగా అమ్ముడైన గాయకుడు'. 'పంట పోయిన రైతు' అన్నప్పుడు పోయింది పంటేనని ఎవరికైనా తెలుస్తుంది. 'ఆల్బంలు' బదులు 'రికార్డులు' అనొద్దు. రెండు వాక్యాల తర్వాత 'రికార్డులు బద్దలు కొట్టాడు' అని ఎలాగూ వస్తుంది, పాపం ప్లేట్లు పగలగొట్టినట్టు ఉంటుంది.

– వాక్యం సరే, అంకెల్లో ఇంతకన్నా పెద్ద తప్పులు దొర్లుతున్నాయి. అమెరికాలో రికార్డింగ్ కంపెనీల సంఘం ఆర్ఐఏఏ అమ్మకాలను బట్టి ఇచ్చే గుర్తింపులో గోల్డ్ అంటే 5 లక్షలు, ప్లాటినం 10 లక్షలు, డైమండ్ కోటి యూనిట్లు. జాక్సన్ ఆల్బం 'థ్రిల్లర్'‌కి 34 రెట్ల ప్లాటినం, అంటే 3 కోట్ల 40 లక్షల యూనిట్లు. దాన్ని '34 ప్లాటినం అవార్డులు గెలిచాడు' అని రాయకూడదు. 'కాపీలు' అన్నా తప్పే. 2016 నుంచి ఆల్బం లెక్కలో స్ట్రీమింగ్ (ఆన్‌లైన్‌లో వినడం) కూడా కలుస్తోంది: ఆల్బంలోని పాటలు 1,500 సార్లు వింటే ఒక యూనిట్, 10 పాటలు విడివిడిగా కొన్నా ఒక యూనిట్. 1995లో వచ్చిన 'హిస్టరీ' రెండు డిస్కుల సెట్టు, కాబట్టి ఒక్క సెట్టు కొంటే రెండుగా లెక్కేస్తారు. 8 ప్లాటినం అని చూసి 80 లక్షల సెట్లు అని రాస్తే రెట్టింపు చెప్పినట్టే. ఏ దేశపు ప్లాటినమో కూడా చెప్పాలి, బ్రిటన్‌లో ఆల్బంకి 3 లక్షలకే ఇస్తారు.

– 'వరుసగా' అనే మాట మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. 'థ్రిల్లర్' బిల్‌బోర్డ్ పత్రిక అమెరికా ఆల్బం చార్టులో 37 వారాలు మొదటి స్థానంలో ఉంది, కానీ మధ్యలో దిగి మళ్ళీ ఎక్కింది. అందుకని 'మొత్తం 37 వారాలు' అనాలి. 1984లో ఒకే రాత్రి 8 గ్రామీ సంగీత అవార్డులు అందుకున్న మాట నిజం. అయితే అందులో ఒకటి పిల్లల విభాగంలో, 'ఈ.టీ.' సినిమా కథ రికార్డుకి వచ్చింది. 'థ్రిల్లర్‌తో 8 గ్రామీలు గెలిచాడు' అని కట్టేస్తే అది మాయమైపోతుంది.

– ఆల్బంలోంచి విడిగా విడుదల చేసే సింగిల్‌ని 'ఒంటరి పాట' అని కూడా చూశాం! 'విడిపాట' బాగుంటుందేమో. 'థ్రిల్లర్'‌లో 9 పాటలుంటే 7 విడిపాటలుగా వచ్చాయి, ఏడూ అమెరికా టాప్ 10లో చేరాయి.

ప్రశ్న అడిగినవారు: అందరికీ ధన్యవాదాలండీ. ఇలా మార్చాను: 'ఆల్బంలు అత్యధికంగా అమ్ముడైన గాయకుల్లో ఒకరైన జాక్సన్ 1982 నవంబరులో విడుదల చేసిన థ్రిల్లర్, మొత్తం 37 వారాలు మొదటి స్థానాన్ని సాధించింది.'

– స్థానాన్ని ఒకసారి సాధిస్తారు, 37 వారాలు సాధించరు. 'మొదటి స్థానంలో నిలిచింది' అనండి.