జ్వరం వచ్చినప్పుడల్లా మెలనోమా మాత్రలు ఆపాలంటే భయంగా ఉంది

పెరంబూరు టైలర్:

అందరికీ నమస్కారం. నాకు 49 ఏళ్ళు. చెన్నై పెరంబూరులో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. వీపు మీద పుట్టుమచ్చ మెలనోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి తీసేశారు గానీ, తర్వాత ఊపిరితిత్తులకీ కాలేయానికీ పాకింది. గడ్డ ముక్కని పరీక్షకి పంపితే బీఆర్‌ఏఎఫ్ వీ600ఈ మ్యుటేషన్, అంటే గడ్డని పెంచే జన్యు మార్పు ఉందన్నారు. అప్పట్నించి డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ అనే రెండు మాత్రలు వాడుతున్నాను. మొదటి స్కాన్‌లోనే గడ్డలు బాగా తగ్గాయి. దగ్గు పోయింది, మళ్ళీ మిషన్ మీద కూర్చోగలుగుతున్నాను. అందుకే ఈ మాత్రలంటే నాకు ప్రాణం.

బాధల్లా జ్వరంతోనే. మధ్యాహ్నం దాకా బాగానే ఉంటాను. సాయంత్రం అయ్యేసరికి భుజాల దగ్గర సన్నగా చలి మొదలవుతుంది. సూదిలోకి దారం ఎక్కదు, వేళ్ళు అంతలా వణుకుతాయి. ఇంకాసేపటికి పళ్ళు టకటకా కొట్టుకుంటాయి. కత్తిరి వెయిల్ అనే ఈ నడివేసవి ఎండల్లో ఊరంతా ఉడికిపోతుంటే నేను ఫ్యాన్ ఆపించి రెండు రగ్గులు కప్పుకుంటున్నాను. అర్ధరాత్రి చెమటలు పట్టి దిండు గలీబు కూడా తడిసిపోతుంది.

జ్వరం వస్తే రెండు మందులూ ఆపి ఫోన్ చెయ్యమన్నారు డాక్టరుగారు. ఆపితే తగ్గుతుంది కూడా. కానీ మాత్ర వేసుకోని ప్రతి రాత్రీ లోపల అది మళ్ళీ పెరుగుతోందేమోనని నిద్ర పట్టదు. డోలో వేసుకుని వీటినీ మింగేస్తే ఏమవుతుంది అనిపిస్తుంది. ఇలా ఆపుతూ మొదలుపెడుతూ వాడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మీ స్కాన్లు ఎలా వచ్చాయి?

ఇంకోటి. అరికాళ్ళు మడమ దగ్గరా, బొటనవేలి కిందా గట్టిపడి కాయలు కాశాయి. పెడల్ తొక్కుతుంటే ప్రాణం పోతోంది. దీనికి ఏం రాస్తున్నారు?

మారతహళ్ళి నుంచి:

అక్కా, మా ఆయన ఇవే మందుల మీద ఉన్నారు, ఇది మూడో ఏడు. మీరు రాసిన చలి చదువుతుంటే మా ఇంట్లో మొదటి నెలలే గుర్తొచ్చాయి. మాకు ఆ నెలల్లోనే ఎక్కువ, తర్వాత తర్వాత బాగా తగ్గింది. మధ్యలో చాలాసార్లు ఆపాం, మళ్ళీ మొదలుపెట్టాం. స్కాన్లు చెడలేదు. అందరికీ ఇలాగే ఉంటుందని నేను చెప్పలేను, మాకు జరిగింది చెప్తున్నాను.

మీ భయమే నాదీ. మా డాక్టరమ్మని సూటిగా అడిగేశాను. ట్రామెటినిబ్ ఒంట్లోంచి సగం పోవడానికే 4, 5 రోజులు పడుతుందట. డాబ్రాఫెనిబ్ గంటల్లో దిగిపోతుంది, జ్వరం తెచ్చేది ఎక్కువగా అదే. అంటే రెండు రోజులు ఆపినంత మాత్రాన ఒళ్ళు మందు లేకుండా ఖాళీ అయిపోదు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టింది.

జ్వరం ముదిరేదాకా ఆగకండి. మాకు చెప్పిన గీత 100.4. చలి మొదలవగానే థర్మామీటర్ పెట్టడం, ఆ అంకె దాటితే రెండూ ఆపడం, ఫోన్ చెయ్యడం. జ్వరం లేకుండా 24 గంటలు గడిచాక డాక్టర్ సరేనంటే మళ్ళీ మొదలు. తొందరగా ఆపినప్పుడు తొందరగా తగ్గింది, ఒక పూట చూద్దాంలే అనుకున్నప్పుడే ఎక్కువ రోజులు పట్టింది.

ఒక్కటి మాత్రం తప్పకుండా చెయ్యండి. రెండు మందుల పేర్లూ, మీ క్యాన్సర్ డాక్టర్ ఫోన్ నంబరూ ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఓసారి అర్ధరాత్రి దగ్గర్లోని ఆసుపత్రికి పరిగెత్తితే, డ్యూటీలో ఉన్నాయన వైరల్ జ్వరమే, మీ మాత్రలు కంటిన్యూ చెయ్యండి అని పంపేశారు. తెల్లారేసరికి 103. ఆయన ఈ మందుల పేరే ఎప్పుడూ వినలేదు.

తిరుపతి నుంచి:

అమ్మా, జ్వరానికి తిప్పతీగ కషాయం బాగా పనిచేస్తుంది. మా ఇంట్లో కరోనా అప్పట్నించీ తాగుతున్నాం.

క్యాన్సర్ మందుల ఫార్మసిస్ట్, చెన్నై:

తిప్పతీగ వద్దండీ, దయచేసి వద్దు. దానివల్ల కాలేయం దెబ్బతిన్న కేసుల్ని మన దేశంలోనే డాక్టర్లు ప్రచురించారు. ఈవిడకి ఇప్పటికే జబ్బు కాలేయంలో ఉంది. పైగా డాబ్రాఫెనిబ్ కాలేయంలో ఇతర మందుల్ని అరిగించే వేగాన్నే మార్చేస్తుంది. బీపీ మాత్రైనా, నాటు మందైనా డాక్టరుకి చెప్పకుండా కలపకూడదు.

అమ్మా, డోలో వేసుకుని వీటిని మింగడం గురించి అడిగారు. డోలో అంకెని దించుతుంది, మందు మీద ఒళ్ళు చేసే తిరుగుబాటుని ఆపదు. నీరు తగ్గి బీపీ పడిపోయినా, కిడ్నీలు దెబ్బతిన్నా ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదు. కళ్ళు తిరిగినా, మూత్రం తగ్గినా, జ్వరం 104 దాటినా నేరుగా ఆసుపత్రికే. ప్రతి జ్వరమూ మందువల్లే అనీ అనుకోకండి. మన ఊళ్ళో డెంగీ ఉంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటుంది, రక్త పరీక్ష చేయించాలి. జ్వరం పదేపదే వస్తుంటే తక్కువ మోతాదులో స్టెరాయిడ్ ఇస్తారు, లేదా డోసు తగ్గిస్తారు. ఈసారి వెళ్ళినప్పుడు ఆ సంగతి అడగండి.

డాబ్రాఫెనిబ్ పూటకి 150 మిల్లీగ్రాములు, 12 గంటల తేడాతో రెండు పూటలు. ట్రామెటినిబ్ 2 మిల్లీగ్రాములు, రోజుకి ఒక్కసారే. రెండూ తిండికి గంట ముందో, తిన్న రెండు గంటల తర్వాతో. గుండెకి చేసే స్కాన్, ఎకో ఎప్పుడు తీశారు? ట్రామెటినిబ్ గుండె పంపింగ్‌ని తగ్గించగలదు, ఎకో వాయిదా వెయ్యకండి. కళ్ళు మసకేసినా వెంటనే చెప్పాలి.

నెల్లూరు అబ్బాయి, చెన్నైలో ఉద్యోగం:

మా నాన్నగారికి ఈ మాత్రలు ఏడాదికి పైగా బ్రహ్మాండంగా పనిచేశాయి, ఆ తర్వాత గడ్డలు మళ్ళీ పెరిగాయి. ఇది చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది, అందుకే చెప్తున్నాను. 2019లో వచ్చిన ఫలితాల్లో ఈ జంట మందులతో మొదలుపెట్టిన 563 మందిలో 34 శాతం అయిదేళ్ళ తర్వాత బతికున్నారు. అయిదేళ్ళూ జబ్బు పెరగకుండా ఉన్నవాళ్ళు 19 శాతం. ఆ 19 శాతంలో మీరుండాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. కానీ ఒంట్లో ఓపిక ఉన్న ఇప్పుడే డాక్టరుని అడగండి, ఇవి పనిచెయ్యడం ఆగితే తర్వాత ఏమిటి, ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ని ఎదుర్కొనే చికిత్స) ఎప్పుడు అని. నాన్నకి ఇప్పుడు అదే నడుస్తోంది. సాయంత్రం మెరీనా దాకా నడుస్తున్నారు.

పెరంబూరు టైలర్:

చెల్లీ, ఆ 4, 5 రోజుల మాట మా వారికి కూడా చదివి వినిపించాను. ఆయనా నాలాగే లోలోపల భయపడుతున్నారని ఇప్పుడే తెలిసింది. నిన్న సాయంత్రం 100.8 చూడగానే ఆపేసి ఫోన్ చేశాను, రక్త పరీక్షకి పంపారు. డెంగీ లేదు. స్టెరాయిడ్ సంగతి రేపు మాట్లాడదాం అన్నారు. ఫార్మసిస్టుగారూ, ఎకో కూడా రేపే.

బాబూ, చెప్పి మంచి పనే చేశావు. నాకూ అంకెలు తెలియాలి, మా పాపకి ఇంకా చదువు ఉంది. తర్వాత ఏమిటన్న ప్రశ్న కూడా కాగితం మీద రాసుకున్నాను. నాన్నగారిని అడిగానని చెప్పు.

కాళ్ళ సంగతి ఎవరూ రాయలేదు.

మారతహళ్ళి నుంచి:

అయ్యో మర్చిపోయానక్కా. యూరియా ఉన్న క్రీమ్ అని స్కిన్ డాక్టర్ రాసిస్తారు. రాత్రి రాసి నూలు మేజోళ్ళు తొడగండి. కాయల్ని బ్లేడుతో మాత్రం గీకొద్దు, పుండవుతుంది. కొత్తగా పులిపిరిలా, గరుకుగా ఏదైనా లేస్తే చూపించండి, ఈ మందుతో చర్మం మీద వేరే గడ్డలూ రావచ్చు. మిషన్‌కి మోటారు పెట్టించుకోండి అక్కా, పాత పెడల్ మిషన్‌కీ బిగిస్తారు. దాని నొక్కుడు పెడల్‌కి మునివేళ్ళు చాలు, మడమ మీద బరువు పడదు.