1997లో ఆపిల్‌ను నిలబెట్టింది మైక్రోసాఫ్ట్ డబ్బులా, ఆఫీస్ సాఫ్ట్‌వేరా?

అందరికీ నమస్కారం. మా విద్యార్థుల కోసం ఆపిల్, మైక్రోసాఫ్ట్ సంబంధం మీద పాఠం తయారు చేస్తున్నాను. ఒక్కచోట మీ సాయం కావాలి.

1997 ఆగస్టులో బోస్టన్‌లో జరిగిన మ్యాక్‌వరల్డ్ (ఆపిల్ మ్యాక్ కంప్యూటర్ల ప్రదర్శన) వేదికపై ఆపిల్ తరఫున స్టీవ్ జాబ్స్ మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం ప్రకటించారు. పెద్ద తెరమీద మైక్రోసాఫ్ట్ అధిపతి బిల్ గేట్స్ కనిపించగానే హాల్లో కొందరు గేలి చేశారు. మైక్రోసాఫ్ట్ ఓటు హక్కు లేని షేర్లలో 15 కోట్ల డాలర్లు పెట్టింది, ఐదేళ్లపాటు మ్యాక్‌కి ఆఫీస్ (వర్డ్, ఎక్సెల్ లాంటి ప్రోగ్రాముల సెట్) తెస్తానని మాటిచ్చింది. ఇటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మ్యాక్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ అయింది. పేటెంట్ల గొడవ కూడా సద్దుమణిగింది.

అసలు ఎక్సెల్ 1985లో ముందు మ్యాక్‌కే వచ్చింది. విండోస్‌కి వచ్చింది 1987లో! అంటే మైక్రోసాఫ్ట్‌కీ మ్యాక్‌తో ముందునుంచీ పని ఉంది. అందుకే ఈ ఒప్పందాన్ని ఒకరు మరొకరిని కాపాడిన కథగా చెప్పడం నాకు నచ్చదు.

నా ఉద్దేశంలో డబ్బుకంటే ఆఫీస్ హామీయే పెద్దది. అప్పట్లో మ్యాక్ మీద పనిచేసినవాళ్లు, ముఖ్యంగా అమెరికాలో ఉన్న మనవాళ్లు, కాస్త చెప్పండి: విండోస్‌లో చేసిన వర్డ్ ఫైలు మ్యాక్‌లో సరిగ్గా తెరుచుకునేదా? మ్యాక్‌కి ఆఫీస్ ఆగిపోతుందేమోనన్న టెన్షన్ నిజంగా ఉండేదా? డిజైన్, ప్రింటింగ్ పనుల్లో ఉన్నవాళ్ల అనుభవమైతే మరీ మంచిది.