డెబ్రీ రీసైక్లింగ్ ప్లాంట్‌లో దుమ్ము: పీఎం10 రిపోర్ట్ బాగుంది, బెల్ట్ దగ్గర దగ్గు మాత్రం తగ్గట్లేదు

ప్లాంట్_షిఫ్ట్ (ప్రశ్న)

హైదరాబాద్ శివారులో కూల్చివేత వ్యర్థాల ప్లాంట్, గంటకు 50 టన్నులు. వరస ఇది: హాపర్ (సరుకు పోసే తొట్టి), జా క్రషర్ (దవడల మధ్య నలిపేది), మాగ్నెట్, చేత్తో ఏరే బెల్ట్ (చెక్క, ప్లాస్టిక్, గుడ్డలు తీయడానికి ఆరుగురు), ఇంపాక్టర్ (కొట్టి పగలగొట్టే క్రషర్), మూడు డెక్‌ల స్క్రీన్ (సైజుల వారీగా వేరుచేసే జల్లెడ). హాపర్ మీద నాలుగు నాజిళ్లు, యార్డులో ఒక ఫాగ్ కెనన్ (నీటి తుంపరను దూరం చిమ్మే ఫ్యాన్) ఉన్నాయి. ప్రహరీ దగ్గర పీఎం10 (10 మైక్రాన్ల లోపు దుమ్ము) ఎప్పుడు కొలిచినా 24 గంటల సగటు 100 మైక్రోగ్రాముల లోపే వస్తోంది. అయినా ఏరే బెల్ట్ దగ్గరా, స్క్రీన్ కిందా పనిచేసేవాళ్లు దగ్గుతూనే ఉన్నారు. యాజమాన్యం ఇంకో ఫాగ్ కెనన్ కొందామంటోంది. ఆ డబ్బు సరైన చోట పెడుతున్నట్టేనా? అసలు ముందు ఏం కొలవాలి?

గాలి_కొలత

ఫాగ్ కెనన్ ఆపండి సార్, ముందు కొలత. ప్రహరీ దగ్గర పెట్టిన మిషన్ చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లే గాలి గురించి చెబుతుంది. బెల్ట్ మీదకు వంగి ఏరే మనిషి ముక్కు దగ్గర ఏముందో దానికి తెలియదు. కాంక్రీటులో ఇసుకా ఉంది, మన కంకరలో గ్రానైటూ ఉంది, రెండింట్లోనూ క్వార్ట్జ్ (ఊపిరితిత్తులను పాడుచేసే సిలికా ఖనిజం) ఉంది. ఊపిరితిత్తుల అడుక్కి చేరేది 4 మైక్రాన్ల చుట్టుపక్కల సైజు కణం. అది కంటికి కనిపించదు. కనుక దుమ్ము లేచినట్టు కనిపించకపోతే బాగున్నట్టే అనుకోవద్దు.

కొలవాల్సింది రెస్పిరబుల్ దుమ్ము, అంటే ఆ అడుక్కి చేరే సన్న కణాలు. కాలర్ దగ్గర 10 మి.మీ. నైలాన్ సైక్లోన్ (గాలిని తిప్పి పెద్ద కణాలను వేరుచేసేది), అందులో 37 మి.మీ. పీవీసీ ఫిల్టర్, నడుముకు నిమిషానికి 1.7 లీటర్ల పంపు. పంపు ఫ్లోను షిఫ్ట్‌కు ముందూ తర్వాతా సరిచూడాలి, ఫ్లో తప్పితే సైక్లోన్ వేరే సైజు కణాలను పడుతుంది. 8 గంటలకు 816 లీటర్ల గాలి లాగుతుంది. ఫిల్టర్ బరువు 0.9 మి.గ్రా. పెరిగిందనుకోండి, ఘనమీటరుకు 1.1 మి.గ్రా. అన్నమాట. అదే ఫిల్టర్‌ను ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌కు (ఖనిజాన్ని గుర్తించే ల్యాబ్ పరీక్ష) పంపి క్వార్ట్జ్ శాతం తెప్పించుకోండి. ఈ రెండో అంకె లేని రిపోర్ట్ దేనికీ పనికిరాదు.

పరిమితికి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్ ఇచ్చిన సూత్రం: 10 ÷ (క్వార్ట్జ్ శాతం + 2), ఘనమీటరుకు మి.గ్రా.లలో. క్వార్ట్జ్ 18 శాతం వస్తే పరిమితి 0.5 మి.గ్రా. పైన చెప్పిన మనిషి దానికి రెట్టింపు పైనే పీలుస్తున్నాడు. అమెరికాలో ఓషా (కార్మిక భద్రతా సంస్థ) 2016లో తెచ్చిన పరిమితి క్వార్ట్జ్ ఒక్కదానికే 50 మైక్రోగ్రాములు. ఇతని గాలిలో క్వార్ట్జ్ దాదాపు 200. ఏరేవాళ్లలో ఇద్దరికి, స్క్రీన్ దగ్గర ఒకరికి, లోడర్ డ్రైవర్‌కు పంపు కట్టండి. వానపడ్డ రోజు కొలవకండి.

క్రషర్_మెకానిక్

ఫాగ్ కెనన్ యార్డు కుప్పల మీద పనిచేస్తుంది. రాయి పగిలే చోటా, బెల్ట్ నుంచి బెల్ట్‌కు పడే చోటా పుట్టే దుమ్మును అది అందుకోలేదు. పుట్టిన చోటే ఆపాలి.

నీళ్లు క్రషర్‌కు ముందే పట్టించాలి. సరుకు బరువులో ఒక శాతంతో మొదలుపెట్టండి, మీ 50 టన్నులకు గంటకు 500 లీటర్లు. బెల్ట్ వెడల్పంతా తడిసేట్టు నాజిళ్లు పెట్టి, తక్కువ ప్రెషర్ మీద కొట్టండి. మూసిన చూట్ (సరుకు జారిపడే గొట్టం) లోపల హై ప్రెషర్ స్ప్రే పెడితే అది గాలిని కూడా ఈడ్చుకెళ్లి ఉన్న దుమ్మును సందుల్లోంచి బయటకు తోస్తుంది. చాలా ప్లాంట్లలో జరుగుతున్న పొరపాటు ఇదే. నీళ్లు మరీ ఎక్కువైతే స్క్రీన్ జాలీ మూసుకుపోతుంది.

సెటిలింగ్ ట్యాంక్ నీళ్లే తిప్పి వాడుతుంటే అందులో సిమెంట్ బురద ఉంటుంది. నాజిల్ రంధ్రం కన్నా సన్నని జాలీ ఉన్న స్ట్రెయినర్ పెట్టి షిఫ్ట్‌కోసారి కడగండి. నాలుగు నాజిళ్లలో రెండు మూసుకుపోయినా కిందనుంచి చూసేవాడికి తెలియదు. ఆ నీళ్లకు సున్నపు గుణం కూడా ఉంటుంది, చేతులు ఒరుస్తాయి. రబ్బర్ గ్లౌజులు తప్పనిసరి.

స్క్రీన్ కింద దుమ్ముకు ఒక కారణం బెల్టే కావచ్చు. తడి ఫైన్స్ (సన్న పొడి) బెల్ట్‌కు అంటుకుని తిరుగు వైపు ఎండి, ప్రతి రిటర్న్ రోలర్ (ఖాళీ బెల్ట్‌ను కిందనుంచి మోసేది) దగ్గరా రాలుతాయి. హెడ్ పుల్లీ (బెల్ట్ సరుకు వదిలే చివరి చక్రం) దగ్గర బెల్ట్‌ను గీకే స్క్రేపర్ బ్లేడ్ అరిగిందేమో చూడండి. రోలర్ల కింద దుమ్ము గుట్టలుంటే జవాబు దొరికినట్టే.

ప్లాంట్_షిఫ్ట్

ఉన్నాయండి, రోలర్ల కింద జానెడు ఎత్తు. పొద్దున్నే చీపుళ్లతో ఊడుస్తారు. ఇంపాక్టర్ తర్వాత బ్యాగ్ ఫిల్టర్ (దుమ్ము గాలిని లాగి గుడ్డ సంచుల్లో వడకట్టేది) పెట్టుకోవచ్చా?

క్రషర్_మెకానిక్

పొడి చీపురు ఈరోజే ఆపించండి. తడిపి పారతో ఎత్తాలి, లేదా హెపా ఫిల్టర్ (అతి సన్న కణాలను ఆపేది) ఉన్న వాక్యూమ్. కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవడం కూడా బంద్.

బ్యాగ్ ఫిల్టర్ పెట్టుకోవచ్చు. బెల్ట్ సెకనుకు మీటరు దాటి నడిస్తే వెడల్పు మీటరుకు గంటకు 2,800 ఘనమీటర్ల గాలి లాగాలి. 800 మి.మీ. బెల్ట్‌కు దాదాపు 2,250. దీనికి 200 మి.మీ. పైపు వేస్తే గాలి వేగం సెకనుకు 20 మీటర్లు, దుమ్ము కొట్టుకుపోతుంది. పెద్దదైతే మంచిదని 300 వేశారో, వేగం 9కి పడిపోయి అడ్డం పైపులో దుమ్ము పేరుకుంటుంది, కొన్నాళ్లకు సక్షన్ పోతుంది. హుడ్ (గాలి లాగే మూత) పెట్టే ముందే చూట్‌ను స్కర్ట్ రబ్బర్‌తో (అంచుల వెంట వేసే రబ్బరు పట్టీ) మూయండి. ఆ భాగంలో స్ప్రే వద్దు, బ్యాగుల మీద సిమెంట్ గట్టిపడిపోతుంది.

ఏరేవాళ్లకు మాత్రం కేబిన్ కట్టండి. ఫిల్టర్ చేసిన గాలి పైనుంచి కిందకు రావాలి, లోపల ప్రెషర్ బయటికన్నా కాస్త ఎక్కువ ఉండాలి. ఫాగ్ కెనన్ డబ్బు ఇందులో పెట్టమని అడగండి.

రేకుల_విషయం

ఎవరూ అనలేదు కనుక చెబుతున్నా. లోడులో పాత సిమెంట్ రేకుల ముక్కలుంటే క్రషర్‌లోకి పోనివ్వకండి. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, దాన్ని ఏ స్ప్రే సురక్షితం చేయలేదు. తూకం దగ్గరే చూసి పక్కన పెట్టించాలి. పగలగొట్టకుండా తడిపి, మందపాటి ప్లాస్టిక్‌లో రెండు పొరలు చుట్టి, లేబుల్ వేసి ప్రమాదకర వ్యర్థంగా పంపాలి. తెలంగాణలో దుండిగల్, ఆంధ్రలో పరవాడ కేంద్రాలున్నాయి.

వృత్తి_ఆరోగ్యం

మాస్క్ చివరి మాట. కానీ పైవన్నీ అయ్యేదాకా అదే దిక్కు కాబట్టి సరిగ్గా వాడాలి. తువ్వాలు, సర్జికల్ మాస్క్ ఈ కణాన్ని ఆపవు. ఎన్95 లేదా ఐఎస్ 9473 ముద్ర ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2 ఇవ్వండి. పై పట్టీ తల వెనక ఎత్తుగా, కింది పట్టీ మెడ మీద ఉండాలి. ఉక్కగా ఉందని రెండూ మెడకే వేసుకుంటారు, అప్పుడు ముక్కు పక్కన సందు మిగులుతుంది. గడ్డం ఉన్నా అంతే. సరిగ్గా అమరితే లోపలికి వెళ్లేది పదో వంతుకు తగ్గుతుందని లెక్క.

ఇప్పుడు దగ్గుతున్నవాళ్లలో రెండు వారాలు దాటినవాళ్లకు ముందు టీబీ కోసం కఫం పరీక్ష చేయించండి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. సిలికా పీల్చేవాళ్లకు, సిలికోసిస్ (ఆ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) ఇంకా రాకపోయినా, టీబీ ముప్పు ఎక్కువ. తర్వాత అందరికీ ఛాతీ ఎక్స్‌రే, స్పైరోమెట్రీ (ఊది చూసే ఊపిరి పరీక్ష). ఎక్స్‌రేను ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) వర్గీకరణ ప్రకారం చదవగలిగిన డాక్టర్‌కే చూపించాలి. చేరేటప్పుడు ఒకసారి, తర్వాత ఏటా. సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు, పని మానేశాక కూడా ముదరొచ్చు.

ఆరుగురూ కాంట్రాక్టర్ మనుషులే అయ్యుంటారు. ఈఎస్ఐ నంబర్ ఉందో లేదో ఈ వారమే చూడండి, సిలికా దుమ్ముతో వచ్చే జబ్బు ఈఎస్ఐలో వృత్తి వ్యాధి కిందకే వస్తుంది. దుమ్ము కొలత కాగితం, ఎక్స్‌రే ఫిల్మ్ ఒక్కో కాపీ మనిషి చేతికే ఇవ్వండి. వేరే సైటుకు మారిపోయాక ఐదారేళ్లకు జబ్బు బయటపడితే, ఎక్కడ పీల్చాడో చూపించడానికి అతని దగ్గర ఉండేవి అవే.