మాంచెస్టర్‌కూ హెన్రీ హంట్‌కూ ఉన్న బంధం ఎలాంటిది?

ప్రశ్న (బల్లార్‌పూర్ నుంచి)

మా నాన్నగారు కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గని పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను ఒక పాఠశాలలో చరిత్ర బోధిస్తున్నాను. ఓటు హక్కు గురించి పిల్లలకు చెప్పేటప్పుడు, 1819లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో పార్లమెంటు సంస్కరణ కోరుతూ జరిగిన సభపై గుర్రపు దళాలు విరుచుకుపడిన పీటర్లూ ఘటన దగ్గర ప్రతిసారీ నాకు ఒక సందేహం వస్తోంది. ఆ సభలో ప్రధాన వక్త హెన్రీ హంట్ దక్షిణాన విల్ట్‌షైర్‌లో పుట్టిన సంపన్న రైతు. నూలు మిల్లుల మాంచెస్టర్ ఆయన సొంత ఊరు కాదు. అయినా ఆ నగర చరిత్ర రాసేవారెవరూ ఆయన పేరు విడిచిపెట్టరు. ఒక్క రోజు సభతోనే అంతటి అనుబంధం ఏర్పడిందా? తెలిసిన పెద్దలు దయచేసి వివరించగలరు.

జవాబు (చంద్రపూర్ నుంచి)

సార్, అది ఒక్క రోజు పరిచయం కాదు. ఆ సభ జరిగిన సెయింట్ పీటర్స్ ఫీల్డ్ మైదానంలోనే ఆయన 1819 జనవరిలో కూడా ప్రసంగించారు. అసలు కారణం ఆ నగరం పరిస్థితిలో ఉంది. అంత పెద్ద పారిశ్రామిక నగరమైనా పార్లమెంటులో మాంచెస్టర్‌కంటూ ఒక్క సభ్యుడు కూడా లేడు. లాంకషైర్ మొత్తానికి ఉన్న ఇద్దరు సభ్యులే దానికీ ప్రతినిధులు. అదే సమయంలో ఓల్డ్ సారమ్ అనే, మనుషులు దాదాపుగా లేని పాత దిబ్బ తరఫున ఇద్దరు సభ్యులు కూర్చునేవారు. విదేశీ ధాన్యం దిగుమతిని అడ్డుకున్న 1815 ధాన్య చట్టంతో తిండి ప్రియమై, మరోవైపు చేనేత కూలి ఏటేటా పడిపోతున్నప్పుడు, తమ గోడు సభలో వినిపించే మనిషే లేడన్న బాధ నేతగాళ్లను ఎంతగా కుదిపి ఉంటుందో ఊహించవచ్చు.

అదే ఏడాది ఆగస్టు 16న ఆ మైదానంలో సుమారు 60,000 మంది చేరారు. హంట్‌ను అరెస్టు చేయమని న్యాయాధికారులు ఆదేశించారు. గుర్రపు దళాలు కత్తులు దూసి జనంలోకి చొరబడ్డాయి. కనీసం 15 మంది మరణించారు, వందల మంది గాయపడ్డారు. హంట్‌కు రెండున్నరేళ్ల జైలు శిక్ష పడగా, దాన్ని ఇల్‌చెస్టర్‌లో అనుభవించారు. సభకు పిలిచింది ఆ నగరం, అందుకు జైలుకు వెళ్లింది ఆయన. ఆ బంధం అక్కడే బిగిసిందని నా అభిప్రాయం.

జవాబు (రాజురా నుంచి)

అన్నగారు చెప్పింది నిజమే కానీ, హంట్ ఒక్కరినే చూస్తే అన్యాయమవుతుంది. మన గనుల దగ్గర గేట్ మీటింగ్ జరిగితే బయటి నుంచి వచ్చిన వక్త పేరే అందరికీ గుర్తుంటుంది. షిఫ్టు దిగినవాళ్లను ఆపి, నచ్చజెప్పి, కూర్చోబెట్టినవారు స్థానికులే. అక్కడా అంతే. మిడిల్‌టన్ నేత కార్మికుడు శామ్యూల్ బామ్‌ఫర్డ్ తన ఊరివాళ్లకు వరుసల్లో నడవడం నేర్పి, క్రమశిక్షణతో తీసుకువచ్చారు. మాంచెస్టర్ మహిళా సంస్కరణ సంఘం అధ్యక్షురాలు మేరీ ఫిల్డ్స్ ఆనాడు వేదిక దగ్గరే ఉండి గాయపడ్డారు. పిల్లలకు ఈ పేర్లు కూడా చెప్పండి, సార్. వేదిక కట్టినవారు లేకుండా వేదిక మీది మనిషి అర్థం కాడు.

జవాబు (మళ్లీ చంద్రపూర్ నుంచి)

తమ్ముడి మాటను ఒప్పుకుంటూ, నేను వదిలేసిన ఒక విషయాన్ని చేరుస్తాను. 1830లో హంట్ మాంచెస్టర్ నుంచి కాదు, మరో నూలు పట్టణమైన ప్రెస్టన్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఆనాటి ఇంగ్లండులో అరుదుగా, అక్కడ కూలీలకు కూడా ఓటు ఉండేది. 1832 సంస్కరణ చట్టం మాంచెస్టర్‌కు ఇద్దరు సభ్యులను ఇచ్చింది. కానీ పట్టణాల్లో ఏడాదికి కనీసం 10 పౌండ్ల అద్దె విలువ గల ఇంట్లో ఉండేవారికే ఓటు అని నియమం పెట్టి, మైదానానికి వచ్చిన నేతగాళ్లలో అత్యధికులను బయటే ఉంచింది. అందుకే ఆ బిల్లును హంట్ తీవ్రంగా విమర్శించారు, ఆ ఏడాది చివరి ఎన్నికలో ప్రెస్టన్‌లో ఓడిపోయారు. ఆయన మరణించిన ఏడేళ్లకు, 1842లో, మాంచెస్టర్‌లోని కార్మికవాడ ఆంకోట్స్‌లో, కార్మికులకు ఓటు హక్కు కోసం ఉద్యమించిన చార్టిస్టులు ఆయన పేర స్మారకం నిర్మించారు. అది 1888లో కూల్చివేతకు గురైంది.

ప్రశ్న అడిగినవారి మాట

ఇద్దరికీ కృతజ్ఞతలు. నగరానికి సభ్యులు దక్కినా నేతగాడికి ఓటు దక్కలేదన్న సంగతిని నేను ఇన్నాళ్లూ పాఠంలో చెప్పనే లేదు. ఈసారి 1819 దగ్గర ఆగకుండా 1832 దాకా చెప్పి, బామ్‌ఫర్డ్, మేరీ ఫిల్డ్స్ పేర్లు బోర్డు మీద హంట్ పక్కనే రాస్తాను.