కట్టెవిల్లుతో వేసే బాణాలన్నీ ఎడమకే పోతున్నాయి

కొత్తవిల్లు27:
అందరికీ నమస్కారం. కట్టెవిల్లు పట్టి మూడు నెలలైంది. ఒకే బద్దలోంచి చెక్కినది. 28 అంగుళాలు లాగితే 45 పౌండ్లు అని దాని మీదే రాసుంది. షెల్ఫ్ (బాణం ఆనడానికి పిడి పైన కోసే మెట్టు) లేదు, బాణం నా చేతి మీద నుంచే పోతుంది. నావి చెక్క బాణాలు ఆరు, 50-55 స్పైన్ (బాణం ఎంత బిరుసో చెప్పే అంకె, పౌండ్లలో). కుడిచేతి వాటం. పదిహేను మీటర్ల నుంచి వేస్తే అన్నీ గురికి జానెడు ఎడమకు పడుతున్నాయి, దారంతా తోక ఆడిస్తూ పోతున్నాయి. వేళ్లు వదలడంలో తప్పేమో అని నెల రోజులు అదే సాధన చేశాను, మార్పు లేదు. బాణం పొడుగు ఎక్కువైందేమో అని 28 అంగుళాలకు కోశాను. ఇంకా ఎడమకు జరిగాయి! ఏం చేయమంటారు?

వెదురుబద్ద:
మీ చేతి తప్పు కాదండీ. బాణాలు మీ విల్లుకు మరీ బిరుసు. పొట్టి చేసేసరికి ఇంకా బిరుసెక్కాయి. అల్లెతాడు విల్లుకు నడిమధ్యన ఉంటుంది, బాణమేమో పిడికి పక్కన ఆనుకుని ఉంటుంది. తాడు ముందుకు తోసినప్పుడు బాణం పాములా అటూ ఇటూ వంగుతూ పిడిని తప్పించుకుని పోవాలి. నడుమ దాకా గాడి కోసిన విల్లయితే ఈ వంపు కొంచెం చాలు. మీదానికి ఎక్కువ కావాలి. వంగని బాణం పిడిని ఒరుసుకుని పక్కకు పోతుంది.

ఇంకో మాట. మీరు నిజంగా 28 లాగుతున్నారా? బాణం మీద అంగుళాల గీతలు గీసి, పక్కన ఎవరినైనా నిలబెట్టి చూడమనండి. నేనూ 28 అనే అనుకునేవాణ్ణి, చూస్తే 26 తేలింది. అంగుళం తగ్గితే రెండు మూడు పౌండ్లు తగ్గినట్టే. 45 విల్లు నా వేళ్ల మీద 40 మాత్రమే.

ఈకలపని:
స్పైన్ అంకెను నమ్మకుండా మీరే కొలవండి. రెండు మేకులు 26 అంగుళాల ఎడంలో కొట్టి, వాటి మీద పుల్ల పెట్టి, మధ్యలో 2 పౌండ్ల బరువు, అంటే సుమారు 907 గ్రాములు, వేలాడదీయండి. ఎన్ని అంగుళాలు వంగిందో ఆ అంకెతో 26ను భాగించండి. 0.52 వంగితే 50 పౌండ్లు, 0.65 వంగితే 40. కార్బన్ బాణాల అంకెలు వేరే లెక్క, వాటితో పోల్చకండి. పుల్ల చివర చెట్టు వలయాల గీతలు కనిపిస్తాయి. నాక్, అంటే బాణం తోకలో తాడు పట్టే గాడి, ఆ గీతలకు అడ్డంగా ఉండాలి. అప్పుడే ప్రతి బాణమూ ఒకే తీరుగా వంగుతుంది, తాడు దెబ్బకు నాక్ దగ్గర చీలదు. ఆరు బాణాలకూ నంబర్లు వేయండి. ఏది ఎక్కడ పడిందో రాసుకుంటే సగం పని అయినట్టే.

పాతనారి:
అంత శ్రమ ఎందుకు తమ్ముడూ, బరువు మొన పెట్టు. 100 గ్రెయిన్లు (మొన బరువు కొలత) ఉంటే 145కి మార్చు. ముందు బరువు పెరిగితే బాణం ఎక్కువ వంగుతుంది. నేను చాలాసార్లు అలాగే సరిచేసుకున్నా.

వెదురుబద్ద:
కొద్ది తేడా ఉంటే పాతనారి గారు చెప్పినది సరిపోతుంది. ఇక్కడ తేడా పది పౌండ్ల పైనే ఉండేలా ఉంది, మొనతో ఆ దూరం తీరదు. 35-40 స్పైన్ పుల్లలు తీసుకుని పూర్తి పొడుగు ఉంచి మొదలుపెట్టడం మేలు. కోయడం ఆఖరి పని. కోసింది అతకదు.

ఎడమచేతివాటం:
బాణాల జోలికి వెళ్లేముందు విల్లును ఒక లెక్కకు తెచ్చుకోండి. తాడుకీ పిడికీ మధ్య దూరం, పిడికిలి బిగించి బొటనవేలు నిలబెట్టినంత, ఆరారున్నర అంగుళాలు. తాడును మెలిపెడితే ఆ దూరం పెరుగుతుంది. బాణం ఆనే చోటి నుంచి తాడుకు లంబంగా చూసి, దానికి అర అంగుళం పైన తాడు మీద నాక్ పెట్టే చోటు గుర్తు పెట్టండి. తర్వాత ఈకలున్న బాణాలు మూడు, ఈకలు లేనిది ఒకటి, పది మీటర్ల నుంచి మెత్తని గురిలోకి వేయండి. ఈకలు లేని చెక్క బాణం అడ్డంగా గుచ్చుకుంటే విరుగుతుంది, కాబట్టి దూరం పోవద్దు. అది మిగతావాటికి కింద పడితే నాక్ గుర్తు ఎత్తు ఎక్కువైనట్టు. ముందు అది సరిచేసి, ఆ తర్వాతే ఎడమ కుడి చూడండి. కుడిచేతి వాళ్లకు ఎడమన పడితే బిరుసు, కుడిన పడితే మెతక. నాకు అన్నీ తారుమారు.

ఒక్క జాగ్రత్త. మరీ బిరుసు బాణం తోక పిడికి కొట్టుకుని, మెతక బాణంలా కుడికి పోయి మోసం చేస్తుంది. పిడి పక్కన పౌడర్ రాసి వేసి చూడండి. చెరిగితే తగులుతున్నట్టే.

కొత్తవిల్లు27:
రెండు వారాల తర్వాత వస్తున్నా. అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. నేను లాగేది 26న్నర. మేకుల మీద కొలిస్తే ఐదు బాణాలు 51 నుంచి 54, ఆరోది 46. గురికి ఎప్పుడూ కాస్త దగ్గరగా పడేది ఆ ఆరోదే! అది వేసినప్పుడు బాగా వదిలాననుకుని సంతోషపడేవాణ్ణి. పౌడర్ రాయకముందే పిడి తోలు మీద, ఇన్నాళ్లూ నేను చూడని సన్నటి ఎర్ర గీత కనిపించింది. బాణం రంగు అది.

35-40 పుల్లలు తెచ్చి 31 అంగుళాలు ఉంచి, 125 మొన పెట్టాను. ఈకలు లేనిది కుడికి నాలుగు వేళ్లు పడింది. పావు అంగుళం కోశాను, రెండు వేళ్లకు వచ్చింది. ఇంకో పావు కోస్తే మిగతావాటి పక్కనే గుచ్చుకుంది. గురిలో నాలుగూ ఒకే వాలులో నిలబడి ఉంటే చాలాసేపు తీయబుద్ధి కాలేదు.

పాత ఐదింటిని ఏం చేయాలి?

ఈకలపని:
పారేయొద్దండీ. ఈకలు ఊడదీసి గరుకు కాగితంతో నిడుపునా సమంగా రుద్దండి. పుల్లను తిప్పుతూ రుద్దాలి, లేకపోతే ఒక పక్కే పలచబడుతుంది. కాసేపటికోసారి మేకుల మీద కొలుచుకోండి. చివర్లో నాక్, మొన వదులవుతాయి, వాటిని మళ్లీ సరిగ్గా కూర్చాలి. పైపూత పోతుంది కనుక వార్నిష్ వేసి, అది బాగా ఆరాకే ఈకలు అతికించండి. ఒక బాణానికి మూడు ఈకలూ ఒకే వైపు రెక్కవి అయి ఉండాలి.

కొత్తవిల్లు27:
ఒకటి రుద్దాను, 43కి వచ్చింది. ఇంకాస్త రుద్దాలి. మిగతా నాలుగూ ఈ వారం.