బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కో అసలు ఎంత దూరం?

మారతహళ్ళి శ్రీను:
అమ్మని అన్నయ్య దగ్గరికి శాన్ ఫ్రాన్సిస్కో పంపాలి. దూరం ఎంతో చూద్దామంటే ఒక సైట్‌లో 14,000 అని, ఇంకోదాంట్లో 8,700 అని, మరోదాంట్లో 7,550 అని ఉంది. ఏది కరెక్ట్? దుబాయ్, సింగపూర్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా టికెట్లు ఉన్నాయి, రేట్లు కాస్త అటూ ఇటూగా ఒకటే. అమెరికా పడమర కదా, మరి సింగపూర్ మీదుగా అంటే చుట్టు తిరిగినట్టు కాదా? అమ్మకి ఎక్కువసేపు కూర్చుంటే పాదాలు వాచి చెప్పులు కూడా పట్టవు, అందుకే ఎటు దగ్గరైతే అటు బుక్ చేద్దామని.

గ్లోబు రవి:
మూడూ కరెక్టే తమ్ముడూ. 14,000 కిలోమీటర్లు, 8,700 మామూలు మైళ్ళు, 7,550 నాటికల్ మైళ్ళు. నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు, పైలట్ల లెక్క అందులోనే ఉంటుంది.

ఇక అమెరికా పడమర అన్నది గోడమీద మ్యాపు చూసి అనుకునే మాట. ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి బిగించి పట్టి చూడు, అది పడమరకి పోదు, ఉత్తరానికి, అదీ కొంచెం తూర్పు వైపే పోతుంది: టిబెట్, సైబీరియా దాటి అలాస్కా వైపు నుంచి కిందికి దిగుతుంది. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్, మిగతా మహిళా పైలట్లు కలిసి నడిపిన ఎయిరిండియా విమానం శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా ఎక్కడా ఆగకుండా మన బెంగళూరులో దిగింది. అందుకే ఎటు ఆగి వెళ్ళినా మరీ అంత తేడా రాదు. దుబాయ్ మీదుగా సుమారు 15,700 కిలోమీటర్లు, ఫ్రాంక్‌ఫర్ట్ అయితే 16,550, సింగపూర్ 16,770 దాకా. దగ్గర కావాలంటే దుబాయే.

సర్జాపూర్ లలిత:
రవిగారి లెక్కలు సరే గానీ, పెద్దావిడ కాళ్ళ సంగతి చూడాలంటే మొత్తం దూరం కాదమ్మా, ఒక్క విడతలో ఎంతసేపు కూర్చోవాలో చూడు. దుబాయ్ నుంచి అవతలికి 13,000 కిలోమీటర్లు ఒకే బిగిన, దాదాపు పదహారు గంటలు. సింగపూర్ నుంచైనా అంతే కాస్త అటూ ఇటూగా. ఫ్రాంక్‌ఫర్ట్ అయితే 7,400 ఒకసారి, 9,150 ఇంకోసారి, అంటే సుమారు పది గంటలు, తర్వాత పదకొండున్నర. మధ్యలో లేచి నడుస్తుంది, వేడిగా ఏమైనా తాగుతుంది. మా అత్తగారిని నేను అలాగే పంపాను. నడవ పక్క సీటు తీసుకో, వాపు రాకుండా వేసుకునే బిగుతు సాక్సుల సంగతి డాక్టర్ని అడుగు.

గ్లోబు రవి:
లలితగారు చెప్పిందే రైటు, నేను కాళ్ళ సంగతి పట్టించుకోకుండా దూరం ఒక్కటే చెప్పాను. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో, పైన గాలి పడమర నుంచి తూర్పుకి జోరుగా వీస్తుంది, అందుకే సింగపూర్ దారిలో వెళ్ళేటప్పుడు కలిసొచ్చినా తిరుగు ప్రయాణంలో గంటన్నర, రెండు గంటలు ఎక్కువే పడుతుంది. రిటర్న్ టికెట్ కూడా విడతల వారీగా చూసి తీసుకో.

మారతహళ్ళి శ్రీను:
అయితే ఫ్రాంక్‌ఫర్టే. వీల్‌చెయిర్ ఎప్పుడు అడగాలి అక్కా?

సర్జాపూర్ లలిత:
టికెట్ చేసేటప్పుడే, రెండు విమానాలకీ విడివిడిగా పడిందో లేదో చూసుకో. టికెట్ మీద చేరే వేళ అక్కడి టైములో ఉంటుంది, అది వేసవిలో మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక, మాత్రల వేళలు కూడా డాక్టర్ చేత కాగితం మీద రాయించి అమ్మ చేతి సంచిలో పెట్టు.