ఫ్రాటర్నిటీకి కొత్త ఇల్లు: తల్లిదండ్రులు డబ్బు ఇవ్వాలా?

ఒహాయో_నాన్న: మా అబ్బాయి ఉండే ఫ్రాటర్నిటీ (అమెరికా కాలేజీల్లో అబ్బాయిల సంఘం) ఇల్లు దాదాపు నూరేళ్ల కిందటిది. అది పూర్వ విద్యార్థులు నడిపే హౌసింగ్ కార్పొరేషన్ పేరు మీద ఉంది. దాన్ని కూల్చి కొత్తది కడతామని, తల్లిదండ్రులు కూడా చేయి వేయాలని ఉత్తరం రాశారు. నేను ఇద్దామనుకుంటున్నాను. మంటలు రేగితే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు, పై అంతస్తు నుంచి దిగడానికి ఒక్కటే మెట్లదారి, వైరింగ్ తాతల నాటిది. 1996 మేలో నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో ఫై గామా డెల్టా అనే ఫ్రాటర్నిటీ ఇల్లు కాలిపోయి ఐదుగురు విద్యార్థులు పోయారు. సరిగ్గా గ్రాడ్యుయేషన్ రోజు పొద్దున్నే. ఆ ఇంట్లోనూ స్ప్రింక్లర్లు లేవు. ఆ తర్వాతే ఆ ఊళ్లో ఫ్రాటర్నిటీ ఇళ్లకు వాటిని తప్పనిసరి చేశారు. మనమూ అంతవరకూ ఆగాలా?

పాత_హాస్టలర్: స్ప్రింక్లర్లకు ఇల్లు కూల్చక్కర్లేదండీ. ఉన్న ఇంట్లోనే పైపులు వేయిస్తారు. కొత్త ప్లాన్‌లో బేస్‌మెంట్ ఉందా?

లెక్కల_మాస్టారు: చెక్కు ఎవరి పేర రాస్తున్నారో చూసుకోండి. హౌసింగ్ కార్పొరేషన్లు మామూలుగా క్లబ్బులకు వర్తించే 501 సీ 7 అనే పన్ను సెక్షన్ కింద ఉంటాయి, ఇచ్చిన డబ్బుకు పన్ను మినహాయింపు రాదు. ఫ్రాటర్నిటీ చారిటీ ఫౌండేషన్ ద్వారా ఇస్తే చదువుకునే గదుల్లాంటి వాటికి అయ్యే భాగం వరకే వస్తుంది.

ఒహాయో_నాన్న: హాస్టలర్ గారూ, ఇంజనీర్ రిపోర్టు చదివే చెబుతున్నాను. పైపులు వేయాలంటే సీలింగులన్నీ విప్పాలి. విప్పితే వైరింగ్ మార్చాలి. అంత పని పెట్టుకుంటే సిటీవాళ్లు ఇప్పటి బిల్డింగ్ కోడ్ ప్రకారం రెండో మెట్లదారి, వీల్‌చైర్ దారి అడుగుతారు. అదంతా చేసినా మిగిలేది పాత ఇల్లే. ఇప్పటికే పిల్లలు అపార్ట్‌మెంట్లకు వెళ్లిపోతున్నారు. గదులు నిండకపోతే అద్దె రాదు, అద్దె లేకపోతే బీమా కట్టలేరు.

పాత_హాస్టలర్: ఆ బీమా ఎందుకంత ఖరీదో కూడా చెప్పండి. 2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ యూనివర్సిటీలో బీటా థీటా పై అనే ఫ్రాటర్నిటీ ఇంట్లో టిమోతీ పియాజా అనే 19 ఏళ్ల పిల్లాడికి తాగించారు. బేస్‌మెంట్ మెట్ల మీద నుంచి పడ్డాడు. దాదాపు 12 గంటలు ఎవరూ అంబులెన్స్ పిలవలేదు, చనిపోయాడు. అదేమీ పాడుబడ్డ ఇల్లు కాదు. పూర్వ విద్యార్థి ఒకాయన లక్షల డాలర్లు పోసి బాగుచేయించిన ఇల్లు. కెమెరాలున్నాయి, అడ్వైజర్ కూడా ఆ ఇంట్లోనే ఉండేవాడు. బేస్‌మెంట్ గురించి మీరు ఇంకా జవాబు చెప్పలేదు.

శ్రీలత_డాలస్: మా మేనల్లుడు డెల్టా ఎప్సిలాన్ సై అనే ఫ్రాటర్నిటీలో ఉన్నాడు. 1998లో ఆస్టిన్‌లో మన భారతీయ పిల్లలు మొదలుపెట్టినది. వాడి చాప్టర్‌కు (కాలేజీ శాఖకు) అసలు ఇల్లే లేదు, బాగానే నడుస్తోంది.

ఒహాయో_నాన్న: బేస్‌మెంట్ ఉంది. ఉంటే ఏమిటి? అక్కడ ఉండే పిల్లలందరినీ హంతకుల్లా మాట్లాడతారేం? మావాడు మొదటి సెమిస్టర్ అంతా గదిలోంచి బయటికి రాలేదు. ఫోన్ చేస్తే ఏడ్చేవాడు, వాళ్లమ్మకు నిద్ర ఉండేది కాదు. ఆ ఇంటికి మారాక కోలుకున్నాడు. ఇప్పుడు హౌస్ మేనేజర్. ప్లంబర్‌తో బేరం, వంటమనిషి జీతం, 40 మంది భోజనం లెక్క అన్నీ వాడే చూస్తాడు. ఆ ఇల్లు లేకపోతే వాడు చదువు మానేసి వచ్చేసేవాడు. మీరు అది చూడలేదు, నేను చూశాను.

పాత_హాస్టలర్: నేనూ చూశాను. ఆంధ్రాలో మా ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ అప్పుడే కట్టినది, వార్డెన్ కింది అంతస్తులోనే ఉండేవారు. రాత్రి సీనియర్లు పిలిస్తే నా రూమ్మేట్ వెళ్లాడు. తెల్లారి పెట్టె సర్దుకుని ఊరెళ్లిపోయాడు, మళ్లీ చదువుకోలేదు. ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లో వచ్చింది, మా చదువులు అయిపోయాక. అందుకే గోడలు కొత్తవా పాతవా అని అడగను. అర్ధరాత్రి ఆ తలుపు తీయించే అధికారం బయటివాళ్లు ఎవరికైనా ఉందా అని అడుగుతాను.

ఒహాయో_నాన్న: అంటే యూనివర్సిటీ చేతిలో పెట్టాలంటారు. అప్పుడది ఇంకో డార్మ్, అంటే యూనివర్సిటీ హాస్టల్ అవుతుంది. తమ ఇల్లు తాము నడుపుకోవడమే కదా వాళ్లు అక్కడ నేర్చుకునేది! మీకు 20 ఏళ్ల పిల్లల మీద నమ్మకం లేదు, అసలు సంగతి అది.

పాత_హాస్టలర్: మీ అబ్బాయి మీద నమ్మకం ఉంది. తలుపులు వేసుకున్న 40 మంది మీద లేదు.

శ్రీలత_డాలస్: 2024 డిసెంబర్‌లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం, హేజింగ్ (ఇక్కడి ర్యాగింగ్) చేసినట్టు తేలిన సంఘాల వివరాలు కాలేజీలు వెబ్‌సైట్‌లో పెట్టాలి. డబ్బు ఇచ్చేముందు అది చూడండి అన్నయ్యగారూ.

ఒహాయో_నాన్న: చూస్తానమ్మా. ఈ చాప్టర్ పేరు అందులో ఉంటే పైసా ఇవ్వను. లేకపోతే చెక్కు పంపుతాను, యూనివర్సిటీవాళ్లు ఏ వేళకైనా లోపలికి రావచ్చని రాసివ్వమని మాత్రం అడగను. అది పిల్లల ఇల్లు.

పాత_హాస్టలర్: అదొక్కటి రాసిస్తే నేను కూడా చెక్కు పంపుతాను, నా పిల్లలు అక్కడ లేకపోయినా.